దీవి నుంచి వచ్చిన బేలు

అమీర్ బీకి ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు. అయినా కాగితాన్ని రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి చూస్తే చాలు, అది దేనికి పనికొస్తుందో చెప్పేస్తుంది. గట్టి గోధుమరంగు అట్ట ఒక కుప్ప, పుస్తకాల కాగితం ఒక కుప్ప, లోపల ప్లాస్టిక్ పొర అంటించిన పాల డబ్బాలు ఇంకో కుప్ప. పన్నెండేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. పామిడి దాటి గుత్తి వైపు పోయే రోడ్డు పక్కన ఒక అట్టల మిల్లు ఉంది. అక్కడ పాత కాగితాన్ని నానబెట్టి గుజ్జు చేసి, మళ్లీ అట్టగా ఒత్తి, దానిమ్మకాయల పెట్టెలకూ చీనీకాయల పెట్టెలకూ పంపిస్తారు. కాగితం ఏరే షెడ్డులో పదహారు మంది ఆడవాళ్లు. వాళ్లలో అందరికన్నా పాత మనిషి అమీర్ బీ.

ఆమె పుట్టింది కళ్యాణదుర్గం దగ్గరి పల్లెలో. వాళ్లు దూదేకులవాళ్లు. నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. వాన లేని ఏడు పరుపు కుట్టించుకునేది ఎవరు? అట్లాంటి ఏళ్లే ఎక్కువ. తొమ్మిదో ఏటి నుంచే ఆమె శనక్కాయలు ఒలిచే కూలికి పోయింది. పద్దెనిమిదో ఏట మహబూబ్ బాషాను పెళ్లాడి పామిడి వచ్చింది. అతనిదీ పరుపుల పనే. ఫోము పరుపులు వచ్చి ఆ పని పడిపోయాక మిల్లులో చేరింది. ఆరేళ్ల కింద మహబూబ్ బాషా గుండెనొప్పితో పోయాడు. మిగిలింది ఒక్క కూతురు షమా. ఆ పిల్లను గుత్తిలో లారీల మెకానిక్కు షఫీవుల్లాకిచ్చి చేసింది. ఇప్పుడు షమాకు తొలిచూలు. ఎనిమిదో నెల నడుస్తుండగా పుట్టింటికి వచ్చి ఉంది.

అమీర్ బీ పిరికి మనిషి కాదు. కాగితపు బేళ్లలో, అంటే ఇనుప తీగతో బిగించిన కట్టల్లో, తేళ్లు వస్తాయి, ఒక్కోసారి పాముపిల్లలు కూడా. చెప్పుతో కొట్టి పక్కకు నెట్టేసి మళ్లీ కూర్చునేది. షెడ్డులో కొత్తగా చేరినవాళ్లు ఆమె పక్కన చోటు కోసం పోట్లాడుకునేవాళ్లు.

రెండేళ్లుగా మిల్లుకు దీవి సరుకు వస్తోంది. బేలు బేలుకూ ఒక చీటీ కట్టి ఉంటుంది. ఆ చీటీ చదివి చెప్పేది హేమావతి. ఇంటర్ చదివి, పెళ్లయ్యాక పనికి వచ్చిన పిల్ల. ఒకరోజు ఫోన్లో ప్రపంచపటం తెరిచి సముద్రం మధ్యలో ఒక చుక్క చూపించింది.

"ఇదో అక్కా, ఇదే ఆ దీవి. మన మండలమంత కూడా లేదు."

"ఆడ చెట్లు లేవా ఏంది, కాగితం చేసుకునేకి?"

"కొబ్బరిచెట్లు ఉండాయి. మిల్లు యాడుండాది? రాసుకునే కాగితం కాడి నుంచి బిస్కెట్ల పెట్టె దాకా అన్నీ ఓడలో దిగాల్సిందే. వాడినాక పారేసేకి జాగా లేదు. మళ్లా ఓడెక్కిచ్చి మన మీదికి తోల్తారు."

అమీర్ బీకి ఆ సరుకంటే ఇష్టంగానే ఉండేది. బెంగళూరు చెత్తలాగా కుళ్లిన వాసన రాదు. పెట్టెలు మందంగా, శుభ్రంగా ఉంటాయి. వాటి మీది బొమ్మలు చూసి అక్కడి మనుషులు ఏం తింటారో ఊహించుకునేది. చేపల డబ్బాలు, పాలపొడి, పసిపిల్లల గుడ్డలు. ఒకసారి అరటిపండ్ల పెట్టె మీద తెలుగు అక్షరాలు కనిపించి షెడ్డంతా గుమిగూడింది. మన పండ్లు తిని మన పెట్టె మనకే పంపినారే అని నవ్వుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం, అన్నం గంట కొట్టడానికి కాస్త ముందు, అమీర్ బీ దీవి బేలు ఒకటి విప్పింది. ఇనుప తీగ తెగ్గానే అట్టలు ఊపిరి వదిలినట్టు ఉబ్బాయి. రెండు అట్టల మధ్య చెయ్యి దూర్చి లాగింది. చూపుడువేలి కొసన చురుక్కుమంది. తేలు అనుకుంది. చెయ్యి బయటికి తీసి చూస్తే వేలికి సూది వేలాడుతోంది. సూదికి చిన్న ప్లాస్టిక్ గొట్టం. గొట్టం లోపల గోడకు ఎండిపోయిన నల్లటి మరక.

పీకి పారేసింది. వేలి మీద ఒక్క రక్తపు బొట్టు నిలిచింది. ఎప్పుడూ చేసేదే చేసింది, వేలు నోట్లో పెట్టుకుంది. అట్టలు పక్కకు తోసి చూస్తే నలిగిపోయిన పసుపురంగు అట్టడబ్బా కనిపించింది. దాని నిండా అట్లాంటివే సూదులు.

సూపర్‌వైజరు ప్రతాప్ వచ్చి చూశాడు. పారతో ఆ డబ్బాను గోడ వారకు నెట్టించాడు.

"సూదేగదక్కా. మా ఇంట్లో ఆమెకు గుడ్డలు కుట్టుకుంటాంటే దినం గుచ్చుకుంటాది. టీటీ ఏపిచ్చుకో, సరిపోతాది. ఊరికే దండోరా ఏయొద్దు."

సాయంత్రం ఊళ్లోని డాక్టరు దగ్గర టీటీ ఇంజక్షను వేయించుకుంది. కాలికి మేకు దిగినప్పుడూ అదే వేయించుకుంది గనుక అంతటితో అయిపోయిందనుకుంది. ఇంట్లో షమాకు చెప్పనే లేదు.

బుధవారం మధ్యాహ్నం హేమావతి గోడ వార ఊడుస్తూ ఆ పసుపు డబ్బాను చూసింది. కర్రతో తిప్పి పైన రాసింది చదివింది. ఫోన్ తీసి ఏదో వెతికింది. తర్వాత వచ్చి అమీర్ బీ పక్కన గొంతుక్కూర్చుంది.

"అక్కా, ఇది ఆసుపత్రిలో వాడినాక పారేసే సూదుల డబ్బా. సోమారం నీకు గుచ్చుకునింది ఇదేనా?"

"ఊ. టీటీ ఏపిచ్చుకుంటిలే."

"టీటీతో పోయేది కాదక్కా. ఎన్నింటికి గుచ్చుకునింది?"

"అన్నం గంటకి ముందర. ఏంటికి?"

హేమావతి వేళ్ల మీద లెక్క వేసుకుంది. "మూడు దినాల లోపల మందు మొదలుపెట్టాలంట. రేపు పన్నెండు కొట్టే లోపల. అనంతపురం పెద్దాసుపత్రిలో ఇస్తారంట."

"దేనికి మందు?"

హేమావతి అటూ ఇటూ చూసి చెవిలో చెప్పింది. మూడు అక్షరాల మాట. ఎయిడ్సు.

అమీర్ బీకి ఆ జబ్బు గురించి తెలిసింది ఒకటే. ఇరవై ఏళ్ల కింద వాళ్ల వీధిలో ఓబుళేసు అనే లారీ డ్రైవరు దానితోనే చనిపోయాడు. శవాన్ని మోయడానికి మనుషులు రాలేదు. అతని భార్య వీధి కొళాయి దగ్గరికి వస్తే మిగతావాళ్లు బిందెలు వెనక్కి లాక్కునేవాళ్లు. పలకరించడానికి పోయిన అమీర్ బీకి ఆమె మజ్జిగ ఇచ్చింది. అమీర్ బీ గ్లాసు అందుకుని, తాగకుండా అరుగు మీద పెట్టి, పని ఉందని చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత నెలకే ఆ మనిషి ఊరు విడిచి పోయింది. యాడికి పోయిందో ఎవరూ అడగలేదు. ఇప్పుడా మనిషి ముఖం కళ్ల ముందుకు వచ్చి నిలబడింది.

ఆ పూట ఆమె ఒక్క అట్ట కూడా ఏరలేకపోయింది. వేలిని చూస్తే సూది గుచ్చుకున్న చోటు కూడా కనిపించడం లేదు. కనిపించకపోవడమే ఆమెకు మరింత భయంగా ఉంది.

గురువారం పొద్దున రేషను కార్డు పని ఉందని షమాతో అబద్ధమాడి అనంతపురం బస్సెక్కింది. గార్లదిన్నె దాటాక బస్సు ఆగిపోయింది. డ్రైవరు దిగి ఇంజను దగ్గర వంగాడు. పది నిమిషాలయింది. అమీర్ బీ పక్క మనిషిని టైమడిగింది. పదిన్నర. రెండు నిమిషాలకు మళ్లీ అడిగింది. అతను విసుక్కున్నాడు.

"ఏమ్మా, కోర్టు వాయిదా ఉండాదా ఏంది?"

ఆమె బస్సు దిగి, పోయే ఆటోకు అడ్డం నిలబడింది. అప్పటికే నిండిపోయిన ఆ షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం చోటు దొరికింది. ఎండ మొహానికి కొడుతోంది. రోడ్డుకు రెండు వైపులా కోత అయిపోయిన చేలు బోసిగా పరుచుకుని ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుందామంటే నోట్లో మాట ముక్కలవుతోంది.

పెద్దాసుపత్రిలో చీటీ రాసే కిటికీ ముందు పొడుగాటి వరస. ఆమె ముందు నలుగురు ఉండగా, వెనక నుంచి తెలిసిన గొంతు వినిపించింది. వాళ్ల వీధిలో, పక్కింట్లో ఉండే పెద్దక్క అనే మనిషి. మోకాళ్ల నొప్పులకు వచ్చినట్టుంది. అమీర్ బీ ముసుగు ముఖం మీదికి లాక్కుంది. కిటికీ దగ్గర ఏమి జబ్బని అడిగితే ఏం చెప్పాలి? పెద్దక్క వింటే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. కాళ్లు వాటంతట అవే వరసలోంచి పక్కకు జరిగాయి. ఇంటికి పోదామనిపించింది. గోడ మీది గడియారంలో పదకొండూ పది.

అట్లా పోయి ఉంటే ఏమయ్యేదో ఆమె ఇప్పటికీ తలుచుకోదు. తెల్లకోటు వేసుకున్న ఒకామె చేతిలో ఫైళ్లతో పోతుంటే అమీర్ బీ ఆమె మణికట్టు పట్టుకుంది. చూపుడువేలు ఎత్తి చూపించింది.

"ఏమైందమ్మా? కుక్క కరిచిందా?"

"సూది. ఆసుపత్రి సూది. పన్నెండు కొడితే మూడు దినాలు అయిపోతాది."

ఆమె ఇంకేమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని వరండా చివరి గదికి నడిపించుకుపోయింది. ఆమె పేరు కృపాకుమారి. ఆ జబ్బు పరీక్షల కోసం వచ్చేవాళ్లతో మాట్లాడి ధైర్యం చెప్పడమే ఆమె ఉద్యోగం. డాక్టరును పిలిపించింది, రక్తం తీయించింది, చీటీ తర్వాత రాయిస్తానంది. పదకొండూ నలభైకి అమీర్ బీ చేతిలో ఒక మాత్ర, గ్లాసుతో నీళ్లు పెట్టింది.

"ముందు మింగు. తర్వాత మాట్లాడుకుందాం."

మింగాక, దీవి బేలు సంగతంతా అమీర్ బీ నోట విని, కృపాకుమారి చెప్పింది. రోజుకొక మాత్ర చొప్పున ఇరవై ఎనిమిది రోజులు, ఒక్క రోజు కూడా తప్పకూడదు. ఆరు వారాలకు మళ్లీ రక్తం చూస్తారు. మూడు నెలలకు ఇంకోసారి. కామెర్లు తెచ్చే క్రిములు కూడా రెండు రకాలున్నాయి, వాటికీ చూస్తారు. ఒకదానికి టీకా ఇప్పుడే వేస్తారు.

"భయపడొద్దమ్మా. నెల రోజులు ఓడలో ఎండిపోయి వచ్చిన సూదిలో ఆ క్రిమి బతికుండడం జరగని పని."

"ఆ సూది ఓడలోనే వచ్చినాదని ఎవరు చూసినారు? రేవులో దించినాక ఎవురన్నా దాంట్లో పారేసింటే? లారీలో పడింటే?"

కృపాకుమారి మాత్రల సీసా ఆమె చేతిలో పెట్టింది. "ఎవరూ చూడలేదు. అందుకే మాత్రలు ఇస్తున్నాం" అంది.

మాత్రల సీసాను అమీర్ బీ జొన్నల డబ్బాలో దాచింది. మొదటి వారమంతా వాంతులు. షమా అడిగితే ఎండ తగిలిందని చెప్పింది. నీరసం కన్నా అనుమానం ఎక్కువ బాధపెట్టింది. దగ్గు వస్తే అదేనేమో. ఒళ్లు వెచ్చబడితే అదేనేమో. తన గ్లాసు, తన తువ్వాలు వేరు చేసుకుంది. అవి అంటుకునే దారులు కావని కృపాకుమారి విడమరిచి చెప్పింది. చెప్పింది చెవిలోనే ఉంది, చెయ్యి మాత్రం వినడం లేదు. ఒకరోజు ఉల్లిగడ్డ కోస్తూ వేలు గీసుకుంది. వంటంతా పారబోసి, బండ కడిగి, మళ్లీ కడిగి, షమాకు హోటలు నుంచి దోసెలు తెచ్చిపెట్టింది.

"ఇంత గీత పడితే అన్నం పారబోస్తారా ఎవరన్నా? ఏమైంది మా నీకు?" అని షమా ఆశ్చర్యపోయింది.

"కడుపుతో ఉండేదానివి. శుభ్రంగా ఉండొద్దా?"

మాత్రలు మొదలైన ఇరవై రెండో రోజు షమాకు నొప్పులు వచ్చాయి. తీసుకుపోయింది అదే పెద్దాసుపత్రికి. పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. గుత్తి నుంచి షఫీవుల్లా వచ్చి వరండాలో అందరికీ మిఠాయి పంచుతున్నాడు. ఆ సమయంలో కృపాకుమారి అటుగా వచ్చింది. అమీర్ బీ గోడ వారకు జరిగింది. పలకరిస్తే అల్లుడు అడుగుతాడు, ఈమె నీకెట్లా తెలుసని. కృపాకుమారి ఆమెను చూసింది. చూసి, ముక్కూముఖం తెలియని మనిషిని చూసినట్టే చూపు తిప్పుకుని, షఫీవుల్లా ఇచ్చిన మిఠాయి తీసుకుని వెళ్లిపోయింది. అమీర్ బీ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

నర్సు పసిగుడ్డును చేతికివ్వబోతే ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నడుం పట్టేసిందని చెప్పింది. బిడ్డను ముందుగా ఎత్తుకున్నది షఫీవుల్లా.

ఇంటికి వచ్చాక నీళ్లు పోయడానికి పెద్దక్కను పిలిపించింది. పామిడిలో పసిపిల్లకు అమ్మమ్మ ఉండగా పక్కింటామె వచ్చి నీళ్లు పోయడం ఎవరూ చూసి ఉండరు. పెద్దక్క కాళ్లు చాపుకుని బిడ్డను పడుకోబెట్టి నూనె రాస్తుంటే అమీర్ బీ దూరంగా తలుపు దగ్గర నిలబడి చూసేది. బిడ్డ ఏడిస్తే వేళ్లు వాటంతటవే కదిలేవి. వాటిని కొంగులో చుట్టేసుకునేది. అందరూ సిమ్రాన్ అని పేరు పెట్టుకున్నారు. అమీర్ బీ ఆ పేరు కూడా పైకి పిలవడానికి జంకింది.

పన్నెండు రోజులు షమా చూసింది. పదమూడో రోజు పెద్దక్క వెళ్లిపోయాక తలుపు దగ్గరికి వేసి అడిగింది.

"ఆడపిల్ల పుట్టిందనే గదా మా?"

"ఏందే ఆ మాట?"

"ఒక్కతూరి ఎత్తుకున్నావా దీన్ని? ఒక్క ముద్దు పెట్టినావా? మా అత్త గూడా ఇట్లా చెయ్యలేదు. మగపిల్లోడైతే చేతులు వచ్చేవేమో. నువ్వేదో వేరే మనిషివి అనుకుంటి."

అమీర్ బీ లేచి జొన్నల డబ్బాలో చెయ్యి పెట్టి ఖాళీ సీసా తీసి కూతురి ముందు పెట్టింది. సోమవారం నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. ఆ జబ్బు పేరు చెప్పడానికి నాలుగుసార్లు నోరు తెరవాల్సి వచ్చింది.

పేరు వినగానే షమా ఒళ్లో బిడ్డను ఒక్క ఉదుటున ఎదకు హత్తుకుని గోడ వైపు జరిగింది.

జానెడు జరిగింది, అంతే. అమీర్ బీకి ఆ జానెడు దూరం చూసి కలిగినంత భయం సూది గుచ్చుకున్నప్పుడు కూడా కలగలేదు. లోకం ఏం చేస్తుందో కూతురు కళ్లలోనే కనిపించింది.

షమాకు తాను చేసింది అర్థమైంది. ఏడ్చింది. కానీ బిడ్డను ఇవ్వలేదు. అమీర్ బీ అడగనూ లేదు. ఆ పూట తల్లీకూతుళ్లిద్దరూ అన్నం తినలేదు.

మరునాడు షమా పెద్దక్కకు బిడ్డను చూడమని చెప్పి, పచ్చి బాలింత నడవకూడదని ఎవరెంత చెప్పినా వినకుండా, తల్లి వెంట అనంతపురం వచ్చింది. కృపాకుమారి ముందు కూర్చుని సిగ్గుపడకుండా అడిగింది. ఎత్తుకుంటే వస్తాదా? ముద్దు పెడితే? నీళ్లు పోస్తే? ఒకే కంచంలో తింటే? కృపాకుమారి ఒక్కోదానికీ "రాదు" అని చెప్పింది. ఓపికగా, ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే.

"ఒకేళ అమ్మకు వచ్చింటేనో?" అని షమా చివరికి అడిగింది.

"వచ్చినా బిడ్డకు రాదు. ఎత్తుకోవచ్చు."

ఇంటికి చేరాక షమా బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. పెట్టాక కూడా చెయ్యి తీయకుండా కాసేపు అట్లాగే ఉంచింది. ఇద్దరికీ భయమే. బిడ్డ మాత్రం ఆవలించి నిద్రపోయింది.

ఆరు వారాల పరీక్షకు ఇంకా నాలుగు రోజులుందనగా మిల్లులో గొడవ మొదలైంది. ఆసుపత్రిలో కృపాకుమారి గది దగ్గర ఆమెను ఎవరో చూశారు. మాట ప్రతాప్ చెవిన పడింది. పొద్దున షెడ్డులో అడుగు పెట్టకముందే అందరి ముందూ ఆపాడు.

"అక్కా, నువ్వు ఇంటికి పో. నీకా జబ్బు ఉండాదంట గదా. మిగతావాళ్లు భయపడతాండారు."

అమీర్ బీ వెనక్కి తిరిగి పోదామనే అనుకుంది. షెడ్డు మధ్యలో రాత్రి దించిన దీవి బేలు ఒకటి విప్పకుండా ఉంది.

"ఉండాదో లేదో నాకే తెల్దు, నాలుగు దినాల్లో చెప్తారు" అంది. "నాకు యాడ వచ్చినాదంటావు? ఈడ, నీ కండ్ల ముందర. పసుపు డబ్బా గోడకు నెట్టిచ్చింది నువ్వే గదప్పా. నేను పోతా. పోయే ముందర, ఆ బేలు నువ్వు నీ చేతుల్తో ఇప్పు. చూసి పోతా."

ప్రతాప్ బేలు వైపు చూశాడు. కదల్లేదు.

అప్పుడు రామక్క ముందుకు వచ్చింది. కణేకల్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. అరచెయ్యి చాపింది. "నాకు రెండుతూర్లు గుచ్చుకునింది. పోయినేడు ఒకతూరి, మొన్న వానల్లో ఒకతూరి. పని పోతాదని చెప్పలే." ఆమె వెనక ఇంకొకామె, తనకూ ఒకసారి అయిందని చెప్పింది. తర్వాత ఇంకో ఇద్దరు. పదహారు మందిలో అయిదుగురు. ఇన్నాళ్లూ పక్కపక్కనే కూర్చుని, ఒకరి భయం ఒకరికి తెలియకుండా దాచుకున్నారు.

ఆ రోజు ఎవరూ బేలు ముట్టలేదు. షెడ్డు బయట నీడలో కూర్చున్నారు. అడిగింది పెద్దదేమీ కాదు. మందపాటి తోలు గ్లోవ్సు, కాళ్లకు బూట్లు, అట్టలు లాగడానికి పొడుగాటి ఇనుప కొక్కేలు, గుచ్చుకున్న వాళ్లందరికీ పరీక్ష. హేమావతి కాగితం మీద రాసి పదహారు మందితో వేలిముద్రలూ సంతకాలూ పెట్టించింది. ప్రతాప్ బెంగళూరులో ఉండే యజమానికి ఫోన్ చేస్తూ ఎండలో అటూ ఇటూ తిరిగాడు. గుజ్జు తొట్టి ఖాళీగా తిరుగుతున్న చప్పుడు వాళ్లకు వినిపిస్తూనే ఉంది. అందరికీ లోపల దడే. పని పోతే మళ్లీ ఎండిన చేలల్లో కూలి వెతుక్కోవాలి. రెండో రోజు సాయంత్రానికి గ్లోవ్సూ కొక్కేలూ వచ్చాయి, మరునాడు అమీర్ బీతో సహా అందరూ పనిలోకి దిగారు. బూట్లు ఆ తర్వాతి వారం వచ్చాయి, సగం మందికి సైజు సరిపోలేదు.

ఆరు వారాల పరీక్షలో ఏమీ లేదన్నారు. అమీర్ బీ నమ్మలేదు. మూడు నెలల దాకా ఆగాలిగదా అంది. మే నెలలో, ఎండ నెత్తి మాడ్చేస్తున్న రోజున, షమా తోడుగా చివరి పరీక్షకు పోయింది. కాగితం చూసి కృపాకుమారి "లేదు" అంది. కామెర్ల రకాలూ లేవంది.

"ఇంకోతూరి చూడమ్మా. పేరు సరిగ్గుందా? అమీర్ బీలు శానామంది ఉంటారు."

కృపాకుమారి పేరూ, వయసూ, ఊరూ పైకి చదివింది. అమీర్ బీ ఇంకోసారి చదివించుకుంది. మూడోసారి అడగబోతే షమా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. అమీర్ బీ వరండాలో అందరూ చూస్తుండగానే బల్ల మీద కూర్చుని ఏడ్చింది. ముసుగు లాక్కోవాలని కూడా తోచలేదు.

పరీక్షలు చేయించుకున్న మిగతా నలుగురిలో రామక్కకు కామెర్లు తెచ్చే రకం ఒకటి బయటపడింది. ఎప్పటి సూదితో వచ్చిందో, సూదితోనే వచ్చిందో చెప్పలేమన్నారు. మందు ఉంది, మూడు నెలలు మింగితే చాలామందికి నయమైపోతుందన్నారు. ఆ మాట విన్న రోజు రామక్క వచ్చిన బస్సులన్నీ వదిలేసి బస్టాండులోనే కూర్చుండిపోయింది. అమీర్ బీ ఆ ముఖంలోని భయాన్ని గుర్తుపట్టింది. నెల నెలా మాత్రల కోసం ఆమె వెంట అనంతపురం పోయేది తానే. షమా గుత్తికి వెళ్లిపోయింది. వారానికొకసారి బిడ్డను ఫోన్లో చూపిస్తుంది, సిమ్రాన్ ఇప్పుడు బోర్లా పడుతోంది.

దీవి సరుకు ఇంకా వస్తోంది. అక్కడి మనుషులకు పెట్టెలు కావాలి, ఇక్కడి మిల్లుకు అట్ట కావాలి. లారీ గేటులోకి మలుపు తిరిగితే అమీర్ బీ ఇప్పటికీ చూపుడువేలి కొసను ఒకసారి తడిమి చూసుకుంటుంది. పోయిన వారం కొత్త బేలు దించినప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. ఆమే కొక్కెం, తీగ కోసే కత్తెర అందుకుని నడిచింది.

"భయం లేదా అక్కా నీకు?" అని హేమావతి అడిగింది.

"ఉండాది. ఎనక్కి జరుగు, తీగ కోస్తాండా."